ఏట్లో నానిన పాఠం

సుశ్రుతుడు మూడొందల ఎముకలన్నాడు, ఇప్పటి అనాటమీ రెండొందల ఆరంటుంది. ఈ రెండు దేహాలూ ఎక్కడ కలుస్తాయి, ఎక్కడ విడిపోతాయి?

సుశ్రుతుడి పాఠం శవాన్ని ఎంచుకోవడంతో మొదలవుతుంది. అవయవాలన్నీ సరిగా ఉన్న దేహం కావాలి. విషం వల్ల పోయినవాడిది పనికిరాదు, ఏళ్లతరబడి జబ్బుతో తీసుకున్నవాడిది పనికిరాదు, నూరేళ్లు నిండిన ముసలివాడిదీ వద్దు. ముందుగా పేగుల్నీ అందులోని మలాన్నీ తీసేయాలి. తర్వాత దేహాన్ని ముంజగడ్డితోనో, చెట్టు నారతోనో, దర్భతోనో, జనుముతోనో చుట్టాలి. చేపలూ జంతువులూ పీక్కుతినకుండా ఓ బోనులో పెట్టి, జనం తిరగని చోట పారే ఏట్లో దించాలి. ఏడు రాత్రులు అలాగే ఉంచాలి. బాగా కుళ్లాక పైకి తీసి, వట్టివేళ్లు, వెంట్రుకలు, వెదురు లాంటివాటితో కట్టిన కుంచెతో మెల్లమెల్లగా రుద్దాలి. చర్మం మొదలుకొని ఒక్కో పొరా లేచొస్తుంటే, లోపలా బయటా ఉన్న ప్రతి భాగాన్నీ కళ్లతో చూసుకుంటూ పోవాలి.

సుశ్రుత సంహిత శారీరస్థానంలో అయిదో అధ్యాయం చివర వచ్చే సూచనలివి. ఈ గ్రంథం ఒక్కరు ఒక్క కాలంలో రాసింది కాదు. క్రీస్తుపూర్వపు శతాబ్దాల నుంచి క్రీస్తుశకం తొలి శతాబ్దాల దాకా పెరుగుతూ వచ్చిందని పండితుల అంచనా. శస్త్రవైద్యుడు కాదలచినవాడికి శాస్త్రం చదివితే చాలదని, కళ్లారా చూడాలని, చదివిందీ చూసిందీ ఒకదాన్నొకటి బలపరచాలని కూడా సుశ్రుతుడు అక్కడే చెబుతాడు. వైద్య విద్యార్థికి ఇంతకన్నా సూటి మాట ఇప్పటికీ ఎవరూ చెప్పలేరు.

అయితే ఈ వర్ణన మొత్తంలో ఓ వస్తువు కనిపించదు. కత్తి. 101 యంత్రాలనూ 20 శస్త్రాలనూ పేరుపేరునా వర్ణించిన గ్రంథం, శవం దగ్గరికొచ్చేసరికి గడ్డికుంచె పట్టుకుంది. బతికున్న మనిషి పొట్టలోకి పరికరం దింపగలిగినవాడు చచ్చిన దేహం మీద గాటు పెట్టలేదు. శవాన్ని తాకితే మైల అనుకునే సమాజంలో అంతకుమించి సాగలేదని చరిత్రకారులు అంటారు. జనం తిరగని చోటు ఎందుకు కావాల్సివచ్చిందో ఊహించడం కష్టం కాదు.

సుశ్రుతుడి ఒప్పులకూ తప్పులకూ సగం కారణం ఈ ఏట్లోనే ఉందని నాకనిపిస్తుంది. వారం రోజులు నీళ్లలో నానిన దేహంలో ఎముకలు నిలుస్తాయి. కీళ్లను పట్టి ఉంచే పట్టీలు నిలుస్తాయి. చర్మం పొరలుగా ఊడుతుంది. మెదడు మాత్రం జావగా మారిపోతుంది. పేగులు ముందే పోయాయి. రక్తం ప్రవహించదు, మూత్రం ఊరదు. ఏది మిగిలిందో దాని గురించి ఆయన చెప్పిందాన్ని ఇవాళ్టి పుస్తకం పక్కన పెట్టి చూసినా తలెత్తుకునే ఉంటుంది. కరిగిపోయినదాన్నీ కదలిక ఆగిపోయినదాన్నీ ఊహతో పూరించాల్సి వచ్చింది. అక్కడే జారాడు.

మూడొందలూ రెండొందల ఆరూ

ఎముకల లెక్క దగ్గరే చాలామంది ఆగిపోతారు. ఆయుర్వేదాన్ని నమ్మనివాళ్లు 'చూశారా, లెక్కే తప్పు' అంటారు. నమ్మేవాళ్ల దగ్గర వాట్సాప్ జవాబు తయారుగా ఉంటుంది: పుట్టిన బిడ్డకు మూడొందల దాకా ఎముకలుంటాయి, పెరిగేకొద్దీ అతుక్కుంటాయి, సుశ్రుతుడు చెప్పింది అదే అని. ఈ జవాబు వినడానికి బాగుంటుంది గానీ నిలవదు. ఎందుకంటే ఆ మూడొందల్లో 32 పళ్లు కూడా ఉన్నాయి. పుట్టిన బిడ్డ నోట్లో ముప్పై రెండు పళ్లెక్కడివి?

కాబట్టి అధ్యాయంలోకే వెళ్లి కూడికలు చేద్దాం. వేదవాదులు 360 ఎముకలంటారని, శల్యతంత్రంలో, అంటే శస్త్రవైద్యంలో మాత్రం 300 అని సుశ్రుతుడే చెబుతాడు. కాళ్లూ చేతుల్లో 120, మొండెంలో 117, మెడ నుంచి పైకి 63. ముందు కాలు చూడండి. ఒక్కో వేలికి మూడు చొప్పున 15, పాదం, చీలమండ ప్రాంతంలో 10, మడమలో 1, పిక్క భాగంలో 2, మోకాలి దగ్గర 1, తొడలో 1. మొత్తం 30.

ఇప్పుడు ఆధునిక లెక్క. తొడ ఎముక, మోకాలి చిప్ప, మోకాలి కింద రెండు, చీలమండ ప్రాంతంలో 7, పాదంలో 5, వేళ్లలో 14. కూడితే సరిగ్గా 30. బొటనవేలికి ఇప్పటి లెక్కలో రెండే ఎముకలు, సుశ్రుతుడు మూడన్నాడు. బొటనవేలి వెనక పాదంలో ఉన్న పొడుగు ఎముకను ఆయన వేలిలోకే చేర్చాడనుకుంటే, పాదంలో ఒకటి తగ్గి, వేళ్లలో ఒకటి పెరిగి, లెక్క అంగుళం తేడా లేకుండా కుదురుతుంది. కుంచెతో రుద్ది, ఒక్కో ఎముకా విడదీసి, వరసగా పేర్చి లెక్కపెట్టిన మనిషి చేతిపని ఇది. గాల్లో చెప్పిన అంకె కాదు.

తమాషా ఆ తర్వాతి వాక్యంలో ఉంది. రెండో కాలూ రెండు చేతులూ కూడా ఇలాగేనని సంహిత ఒక్క ముక్కలో తేల్చేస్తుంది. ఇప్పటి లెక్కలో కూడా భుజం కింది నుంచి వేలికొసల దాకా చేతికి 30 ఎముకలే. జబ్బలో 1, ముంజేతిలో 2, మణికట్టులో 8, అరచేతిలో 5, వేళ్లలో 14. నాలుగు కలిపితే సుశ్రుతుడి 120, మన 120 ఒకటే. కానీ చేతికి మోకాలి చిప్ప లేదు, మడమ లేదు. కాలిని చూసి చేతికి అచ్చుగుద్దితే మొత్తం కలిసింది గానీ లోపలి వాటాలు కలవలేదు. ఒక అవయవాన్ని నిజంగా చూసి, మిగతా మూడింటినీ పోలికతో దాటేశారనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

మరి 94 ఎముకలు ఎక్కడ ఎక్కువయ్యాయి? పక్కటెముకల దగ్గర. ఇటు 36, అటు 36, మొత్తం 72 అంటాడు. మనకున్నవి 24. చరక సంహిత ఈ 72ను విడదీసి చూపిస్తుంది: పక్కటెముకలు 24, అవి వెన్నుకు ఆనే గుంటలు 24, అక్కడి బొడిపెలు 24. అంటే ఒకే ఎముకలోని మూడు చోట్లను మూడుగా లెక్కపెట్టారు. అక్కడే 48 తేడా. పళ్లు 32. రెండూ కలిపితే 80 తేలిపోయాయి. మిగతా కొద్ది తేడా ముక్కు, చెవి, గొంతుల్లోని మృదులాస్థిని కూడా 'తరుణ' అనే పేరుతో ఎముకల్లో కలపడం వంటివాటి వల్ల వచ్చింది. ఆయన జాబితాలో లేనివీ ఉన్నాయి. చెవి లోపలి ఆరు బుల్లి ఎముకలు. వాటిలో అతి చిన్నది మూడు మిల్లీమీటర్ల పాటిది, గడ్డికుంచెకు దొరకదు. యూరప్ పుస్తకాల్లోనూ అవి 16వ శతాబ్దానికిగానీ చేరలేదు.

చరకుడి 360లో పళ్లతోపాటు పంటి గుంటలు 32, గోళ్లు 20 కూడా ఉన్నాయి. వాగ్భటుడి అష్టాంగహృదయం కూడా 360 దగ్గరే ఉండిపోయింది. ఈ లెక్కలన్నీ విడదీసి, పాఠాల్లో చెరిగిపోయినవాటిని సరిచేసి 1907లో ఆక్స్‌ఫర్డ్ నుంచి ఓ పుస్తకం వేసినవాడు రుడాల్ఫ్ హర్న్‌లే. పురాతన భారతీయుల ఎముకల శాస్త్రం మీద ఓ పొత్తమంతా రాసిన ఆయనకు, ఇంత తొలికాలంలో ఇంత సరిగ్గా ఎలా చెప్పగలిగారన్న ఆశ్చర్యం కలిగింది. కీళ్ల సంగతీ ఇంతే. 210 కీళ్లు, ఎనిమిది రకాలు. తుంటిదీ భుజానిదీ రోలు కీలు, పుర్రెలో బట్ట కుట్టినట్టుండే కీలు. ఇవాళ్టి అనాటమీ కూడా పుర్రె అతుకుల్ని కుట్లనే పిలుస్తుంది.

చర్మం కింద మెట్లు

చర్మానికి ఏడు పొరలంటాడు సుశ్రుతుడు, ఆరంటాడు చరకుడు. ఆయుర్వేద పాఠ్యపుస్తకాల్లో చాలావాటికి ఇక్కడ ఓ అలవాటుంది. అరచేతి పైచర్మంలో ఇప్పుడు చెప్పే అయిదు పొరలు, లోచర్మంలో రెండు, మొత్తం ఏడు కదా అని గీతలు కలిపేస్తారు. మైక్రోస్కోపు లేకుండా ఆ అయిదింటినీ విడదీయడం అసాధ్యమన్న సంగతి పక్కన పెడతారు.

మూలాన్ని చదివితే వేరే బొమ్మ కనిపిస్తుంది. పొరల మందాన్ని వడ్లగింజతో కొలిచాడు. పైపొర గింజలో పద్దెనిమిదో వంతు, తర్వాతిది పదహారో వంతు, అలా పెరుగుతూ ఆరోది గింజంత, ఏడోది రెండు గింజలంత. ప్రతి పొరకూ అక్కడ పుట్టే జబ్బులు చెప్పాడు. పైన రెండు పొరల్లో పొక్కులు, పుట్టుమచ్చలు, ముఖం మీద మంగు. నాలుగో పొర దగ్గర తెల్లమచ్చలు. ఆరో పొరలో గడ్డలు, బోదకాలు. ఏడో పొరలో చీముగడ్డలు, భగందరం, మొలలు. ఇది కణజాలం లెక్క కాదు, రోగం ఎంత లోతులో కూర్చుందో చెప్పే మెట్లవరస. పైమెట్టు మీదిది లేపనంతో పోతుంది, కింది మెట్టుదానికి శస్త్రం కావాలి. మంగు పైపైనే ఉందా లోపలికి దిగిందా అని ఇవాళ చర్మవైద్యులూ చూస్తారు.

ఈ కొలతలు కండ ఉన్న చోట్లకే గానీ నుదుటికీ వేళ్లకూ వర్తించవని కూడా ఆయనే హెచ్చరిస్తాడు. పొట్టలో నీరు తీసేటప్పుడు సూది మొన ఎంత లోతు దిగాలో బొటనవేలి మందంతో చెబుతాడు. చర్మం మందం ఆయనకు ఎందుకు కావలసి వచ్చిందో అక్కడ తెలుస్తుంది.

ఇంకొక్కటి చెప్పి ముందుకు పోతాను. పెద్ద ఎముకల్లో మజ్జ ఉంటుందని, మిగతా ఎముకల్లో రక్తంతో కలిసిన కొవ్వు ఉంటుందని సుశ్రుతుడి మాట. నల్లి బొక్క జుర్రుకునేవాళ్లకు పొడుగు ఎముకల్లోని ఆ పచ్చటి కొవ్వు మూలుగ బాగా తెలుసు. పెద్దవాళ్ల ఒంట్లో పొడుగు ఎముకల మధ్యభాగంలో అదే ఉంటుంది. రక్తాన్ని తయారుచేసే ఎర్రమూలుగ వెన్నుపూసల్లో, రొమ్ము ఎముకలో, తుంటి ఎముకలో ఉంటుంది. రక్తక్యాన్సర్ పరీక్షకు మూలుగను తుంటి నుంచి తీసేది అందుకే. ఎర్రమూలుగ చేసే పని ఆయనకు తెలియదు, రంగులో తేడా మాత్రం చూశాడు. పేగుల పొడవు మగవాళ్లలో మూడున్నర బారలు, ఆడవాళ్లలో మూడు బారలని రాశాడు. బార అంటే చేతులు చాచిన పొడవు, ఇంచుమించు మనిషి ఎత్తు. లెక్కేస్తే ఆరు మీటర్లు. చనిపోయినవారిలో చిన్నపేగు ఒక్కటే ఇంచుమించు అంత తూగుతుంది. పేగులు తీసి పారేయమన్నవాడు, పారేసే ముందు కొలిచి చూసినట్టున్నాడు.

అరచేతిలో ప్రాణం

మర్మాలు 107. ఈ మాట వినగానే ఇప్పుడు మర్మకళ, మర్మ మసాజ్ గుర్తొస్తాయి. సంహితలో మర్మమంటే దెబ్బ తగిలితే మనిషి పోయే చోటో, కుంటివాడయ్యే చోటో. వెంటనే ప్రాణం తీసేవి 19, కొన్నాళ్లకు తీసేవి 33, అంగవైకల్యం తెచ్చేవి 44, నొప్పి మాత్రమే ఇచ్చేవి 8. మిగిలిన మూడూ విచిత్రమైనవి. బాణం గుచ్చుకున్నా అది దిగి ఉన్నంతసేపూ మనిషి బతికుంటాడు, లాగితే పోతాడు. కణతల పైన రెండు, కనుబొమల మధ్య ఒకటి. గుచ్చుకున్న కత్తిని ఘటనాస్థలంలో లాగొద్దు, అదే రక్తనాళాన్ని మూసి ఉంచుతుందేమో, ఆపరేషన్ థియేటర్ దాకా అలాగే తీసుకురండి అని ప్రథమ చికిత్స పాఠాల్లో ఇవాళ్టికీ చెప్పే మాట వెనక ఉన్న అనుభవం ఇదే. సుశ్రుత సంహితలో రాజుగారి సైన్యంతో వెళ్లే వైద్యుడి మీద ఓ అధ్యాయమే ఉంది. ఈ జ్ఞానం ఏటిగట్టున పుట్టింది కాదు, యుద్ధభూమిలో పుట్టింది.

నాకు అన్నిటికన్నా నచ్చే చోటు అరచేయి. చెయ్యో కాలో పూర్తిగా తెగిపోయినవాడు బతకొచ్చు, ఎందుకంటే తెగిన సిరలు ముడుచుకుపోయి రక్తం తక్కువ పోతుందంటాడు. అదే అరచేతి నడుమ ఉన్న తలహృదయమనే మర్మానికో, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్యనున్న క్షిప్రమర్మానికో గాయమైతే రక్తం విపరీతంగా పోయి చస్తాడని, అలాంటప్పుడు మణికట్టు దగ్గరే చెయ్యి తీసేయమని చెబుతాడు. చిన్న గాయం కన్నా పెద్ద తెగుడే మేలనడం వినడానికి తలకిందులుగా ఉంటుంది. శస్త్రవైద్యుణ్ని అడిగితే ఆశ్చర్యపోడు. ధమని అడ్డంగా పూర్తిగా తెగితే రెండు కొసలూ వెనక్కి జరిగి, గోడలోని కండరం బిగుసుకుని దారి మూసుకుంటుంది. సగం తెగితే ఆ మిగిలిన సగం కొసల్ని వెనక్కి పోనివ్వదు, నోరు తెరిచే ఉంటుంది. పైగా అరచేతిలో రెండు వైపుల నుంచి వచ్చే ధమనులు కలిసి విల్లులా వంగి ఉంటాయి. ఒక పక్క నొక్కితే రెండో పక్క నుంచి కారుతుంది. అలా అని ఇవాళ ఎవరూ చెయ్యి తీయరు, నాళాన్ని కట్టేస్తారు, కుట్టేస్తారు. రోగనిర్ణయం మాత్రం అదే.

క్షిప్రమర్మానికి దెబ్బ తగిలితే ఒళ్లు కొట్టుకుని చనిపోతాడని కూడా ఉంది. ధనుర్వాతం టీకా లేని రోజుల్లో బొటనవేలి సందున తుప్పు ఇనుము గుచ్చుకున్నవాడి గతి తెలిసినవాళ్లకు ఈ వాక్యం వింతగా తోచదు. నిజంగా ఆయన చూసింది అదేనా అంటే రుజువు లేదు, నా ఊహ అంతే.

కడవలోకి ఊరే నీరు

ఇక జారిన చోటు. మూత్రాశయంలో రాయి తీసే పద్ధతి చెబుతూ సుశ్రుతుడు, కింద నడుమ ఉన్న గీతకు ఎడమవైపు యవగింజంత దూరం వదిలి కోయమంటాడు. గాయం కాకూడని ఎనిమిది చోట్ల పేర్లు చెబుతాడు. చేయకపోతే చావు ఖాయం, చేస్తే బతుకు అనుమానం, కాబట్టి ముందు రాజు అనుమతి తీసుకోమంటాడు. ఇంత తెలిసిన మనిషిని ఆ మూత్రం ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే పేగుల వైపు చూపిస్తాడు. ఆహారం నుంచి విడిన నీరు వేలాది సన్నటి దారుల గుండా మూత్రాశయంలోకి రేయింబవళ్లు ఊరుతుందని, మూతి దాకా నీళ్లలో ముంచిన కొత్త కడవలోకి పక్కల నుంచి నీరు ఊరినట్టేనని ఆయన వివరణ. మూత్రపిండాలు రెండున్నాయని తెలుసు. వాటిని కొవ్వుతో ముడిపెట్టాడు, మూత్రంతో కాదు. మూత్రపిండం చుట్టూ గడ్డకట్టిన కొవ్వు ఉంటుంది, శవంలో చేతికి తగిలేది అదే మరి.

ఒక్కో మూత్రపిండంలో పది లక్షల దాకా ఉండే వడపోత గొట్టాలు రోజుకు 180 లీటర్ల ద్రవాన్ని వడకట్టి, లీటరున్నర మాత్రం బయటికి వదులుతాయి. ఇది శవంలో కనిపించే సంగతి కాదు. రోమన్ వైద్యుడు గాలెన్ బతికున్న జంతువుల్లో మూత్రపిండం నుంచి దిగే నాళాన్ని దారంతో కట్టి, కింద మూత్రాశయం ఎండిపోవడం చూపించాడు. క్రూరమైన పని, కానీ వాదన అక్కడితో తేలిపోయింది. సుశ్రుతుడి ఏటికి ఆ పని చేతకాలేదు.

మెదడూ అంతే. మస్తులుంగమని పేరుంది, కొవ్వులాంటి పదార్థమన్న వర్ణన ఉంది, పని లేదు. చైతన్యానికి చోటు గుండె. అది తలకిందులుగా వేలాడే తామరమొగ్గలా ఉండి, మెలకువలో విచ్చుకుని నిద్రలో ముడుచుకుంటుందని సుశ్రుతుడి మాట. తలకు దెబ్బ తగిలితే మనిషి ఏమవుతాడో చూడకపోలేదు. చరకుడు ప్రాణమూ ఇంద్రియాలూ ఆశ్రయించిన ఉత్తమాంగం తలే అంటాడు. కానీ అనుభవం ఒకవైపు, కరిగి జావైపోయిన మెదడు ఒకవైపు ఉంటే, గుండెకే ఓటు పడింది. నిద్రలో గుండె ముడుచుకోదని ఛాతీ మీద చెవి పెట్టినా తెలిసేది.

పాశ్చాత్యులకు మాత్రం పొరపాట్లు లేవా అంటే, వాళ్లవి పదమూడు వందల ఏళ్లు నడిచాయి. కోతుల్నీ పందుల్నీ పశువుల్నీ కోసిన గాలెన్, పశువు మెదడు అడుగున ఉండే రక్తనాళాల వలను మనిషికీ అంటగట్టాడు. మనిషిలో అది లేదు. 1543లో శరీరశాస్త్రవేత్త వెసేలియస్ పుస్తకం వచ్చేదాకా యూరప్ వైద్యులు శవంలో లేనిదాన్ని గాలెన్ రాశాడు కాబట్టి ఉందని నమ్మారు. చేతికి మోకాలి చిప్పనిచ్చిన మన పాఠమూ అలాంటిదే. తేడా ఏమిటంటే అక్కడ ఓ వెసేలియస్ వచ్చి గురువు తప్పును అచ్చులో పెట్టాడు.

తెలుగు లిపిలో భేళుడు

రక్తప్రసరణను ఇంగ్లండు వైద్యుడు హార్వే కన్నా ముందే మనవాళ్లు చెప్పారనే మాట తరచూ వినిపిస్తుంది. దానికి చూపించే ఆధారం భేళ సంహితలో గుండె నుంచి రసం బయల్దేరి అంతటా తిరిగి, సిరల ద్వారా మళ్లీ గుండెకు చేరుతుందని వచ్చే శ్లోకం. ఈ భేళ సంహిత మనకు దక్కింది ఒకే ఒక్క ప్రతి వల్ల. తంజావూరు రాజగ్రంథాలయంలో, 1650 ప్రాంతపుదిగా చెప్పే ఆ ప్రతి ఉన్నది తెలుగు లిపిలో. మధ్య ఆసియాలో దొరికిన ఓ చిన్న ముక్క తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. తంజావూరు నాయకుల కాలంలో ఎవరో తెలుగు లేఖకుడు రాసి ఉండకపోతే, మెదడుకు అతి దగ్గరగా, తలకూ అంగిలికీ నడుమ మనసు ఉంటుందని చెప్పిన ప్రాచీన వైద్యుడు మనకు దక్కేవాడే కాదు.

ఆ శ్లోకం గొప్పదే. కానీ 1628లో విలియం హార్వే చేసింది వేరు. గుండె ఒక్కసారి ముడుచుకుంటే ఎంత రక్తం పోతుందో అంచనా కట్టి, అరగంటలో అది ఒంట్లో ఉన్న మొత్తం రక్తాన్ని మించిపోతుందని చూపించాడు. అంత రక్తం తిండి నుంచి క్షణక్షణానికీ పుట్టడం అసాధ్యం కాబట్టి, అదే రక్తం తిరుగుతోందన్నాడు. చేతికి కట్టు కట్టి సిరల కవాటాలు ఎటు తెరుచుకుంటాయో చూపించాడు. భేళుడు తిరుగుతుందన్నాడు, హార్వే తిరిగి తీరాలని లెక్కేశాడు. రెండూ ఒకటేననడం ఇద్దరికీ మేలు చేయదు.

కత్తి పట్టిన పండితుడు

సుశ్రుతుడి ఏటి పద్ధతి ఎప్పుడో ఆగిపోయింది. శ్లోకాలు కంఠతా పట్టడం మాత్రం ఆగలేదు. మళ్లీ మనిషి దేహం దగ్గరికి వచ్చిన సందర్భం 1836లో కలకత్తా వైద్య కళాశాలలో కనిపిస్తుంది. వైద్య కుటుంబంలో పుట్టి, సంస్కృత కళాశాలలో ఆయుర్వేదం బోధించిన పండిత మధుసూదన గుప్తా అక్కడ శవం మీద కత్తి పెట్టాడు. ఆనాడు ఫోర్ట్ విలియంలో ఫిరంగులు పేల్చారని చెప్పుకుంటారు. ఆ రోజుల్లోనే ఆయన పర్యవేక్షణలో సుశ్రుత సంహిత అచ్చుకెక్కింది. ఒక చేత్తో ప్రూఫులు, ఇంకో చేత్తో కత్తి.

ఇంకో శవం కథ గంగ ఒడ్డున జరిగింది. యోగగ్రంథాలు చదువుతూ తిరుగుతున్న యువ సన్యాసి దయానంద సరస్వతికి ఏట్లో కొట్టుకొస్తున్న శవం కనిపించింది. ఒడ్డుకు లాగి, కత్తితో కోసి, తన దగ్గరున్న పుస్తకాల్లో వర్ణించిన చక్రాల కోసం వెతికాడు. ఒక్కటీ దొరకలేదు. ఆ పుస్తకాల్ని చింపి శవంతో పాటే ఏట్లో వదిలేశానని ఆత్మకథలో తానే చెప్పుకున్నాడు. చక్రాలు తంత్రానికీ యోగానికీ చెందినవి, సుశ్రుత, చరక సంహితల్లో లేవు. ఆ మాటకొస్తే మణికట్టు పట్టుకుని చెప్పే నాడీపరీక్ష కూడా వాటిలో లేదు, మధ్యయుగపు వైద్యుడు శార్ఙ్గధరుడి కాలానికిగానీ గ్రంథాలకెక్కలేదు. ఆయుర్వేదం పేరు మీద చలామణి అయ్యేవన్నీ ఆ పాత గ్రంథాల నెత్తిన వేయడం అన్యాయం.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కలకత్తా వైద్యుడు గణనాథ సేన్ 'ప్రత్యక్ష శారీరం' రాసి, కోసి చూసిన ఆధునిక దేహానికి సంస్కృతంలో పేర్లు పెట్టాడు. మనవైపు 1925లో మద్రాసులో ప్రభుత్వ దేశీయ వైద్య పాఠశాల మొదలైంది. అల్లోపతి చదివి ఆయుర్వేదం వైపు వచ్చిన ఆచంట లక్ష్మీపతి లాంటివాళ్లు తెలుగులో ఈ చర్చను నడిపారు. పాత పేర్లను కొత్త భాగాలకు తగిలించడం వల్ల సౌకర్యంతోపాటు చిక్కూ వచ్చింది. బడి పుస్తకంలో ధమని అంటే గుండె నుంచి రక్తం తెచ్చేది, సిర అంటే తిరిగి తీసుకెళ్లేది. సుశ్రుతుడి 24 ధమనులు బొడ్డు నుంచి పుడతాయి. పైకి పోయే పది శబ్దాన్నీ రూపాన్నీ మాటనూ ఏడుపునూ మోస్తాయి. ఆయన సిరలు 700, అవీ బొడ్డు చుట్టూనే. తల్లి కడుపులో బిడ్డకు అన్నీ బొడ్డు నుంచే అందడం చూసినవాడికి అది సహజమైన ఊహ. బడిలో నేర్చుకున్న అర్థంతో ఈ అధ్యాయం చదివితే అడుగడుగునా తికమకే.

క్లోమం సంగతి మరీ వింత. పదో తరగతి పిల్లలంతా అది ఇన్సులిన్ ఇచ్చే గ్రంథి అని రాసి మార్కులు తెచ్చుకుంటారు. సంహితలో గుండె కింద ఎడమవైపు ప్లీహం, ఊపిరితిత్తి, కుడివైపు కాలేయం, క్లోమం అని ఉంది. ఎడమన ఊపిరితిత్తి చెప్పాక కుడిన చెప్పిన క్లోమం కుడి ఊపిరితిత్తే కావాలన్నవాళ్లున్నారు, పిత్తాశయమన్నవాళ్లున్నారు, శ్వాసనాళమన్నవాళ్లున్నారు. క్లోమం చెడితే దాహం పుడుతుందని చెప్పడం చూసి, మధుమేహంలో దాహం గుర్తొచ్చి ఇప్పటి అర్థమే సరైనదన్నవాళ్లూ ఉన్నారు. నేను కుడి ఊపిరితిత్తి పక్షం.

హైదరాబాదు, విజయవాడ, వరంగల్లు, తిరుపతి ఆయుర్వేద కళాశాలల్లో బీఏఎంఎస్ మొదటి సంవత్సరం పిల్లలు రచనా శారీరమనే సబ్జెక్టు కింద ఈ రెండు దేహాల్నీ ఒకేసారి చదువుతారు. ఓ పేజీలో 300, ఎదురు పేజీలో 206. ఫార్మలిన్ వాసన మధ్య బల్ల మీద ఉన్న దేహం మాత్రం ఒక్కటే. 300 ఎందుకంటే వర్గీకరణలో తేడా అని ఓ వాక్యం రాస్తే పరీక్ష గట్టెక్కుతుంది. అధ్యాయంలో ఏ వాక్యం కుంచె పట్టి చూసింది, ఏది పోలికతో రాసింది, ఏది ఊహ అని గురువు పక్కన నిలబడి విడదీసి చెబితే, ఆ విద్యార్థి జీవితాంతం సుశ్రుతుణ్ని గౌరవిస్తాడు, అదే సమయంలో గుడ్డిగా నమ్మడు.

2020 నవంబరులో శల్య (శస్త్రచికిత్స), శాలాక్య (కన్ను, చెవి, ముక్కు, గొంతు) విభాగాల్లో పీజీ చేసిన ఆయుర్వేద వైద్యులు 58 రకాల శస్త్రచికిత్సలు నేర్చుకుని చేయొచ్చని భారతీయ వైద్య కేంద్ర మండలి ప్రకటించింది. దానికి నిరసనగా డిసెంబరు 11న అల్లోపతి డాక్టర్ల భారత వైద్య సంఘం దేశమంతటా సమ్మె చేసింది. ఎవరు కత్తి పట్టొచ్చన్న ఆ గొడవలో సుశ్రుతుడి పేరు పదేపదే వినిపించింది. ఆయన తన శిష్యుల చేతికి కత్తి ఇచ్చేముందు ఏం చేయించాడో మాత్రం అంతగా వినపడలేదు. గుమ్మడి, పుచ్చ, దోసకాయల మీద కోతలు, నీళ్లు నింపిన తోలు సంచుల మీద గుచ్చడం, మందపాటి గుడ్డ మీదా మెత్తటి తోలు మీదా కుట్లు, మట్టిబొమ్మలకు కట్లు. వీటికి తోడు ఏటిగట్టు పాఠం. ఒక్కో విద్యార్థి ఎన్ని దేహాల మీద చేయి చేసుకున్నాడు, ఎన్ని ఆపరేషన్లలో పక్కన నిలబడ్డాడు అన్న లెక్క ఏ కళాశాల బోర్డు మీదా కనిపించదు. ఆయుర్వేదమైనా ఎంబీబీఎస్ అయినా, పిల్లల్ని చేర్పించబోయే తల్లిదండ్రులు హాస్టల్ గదుల గురించి అడిగేటప్పుడు దాన్ని కూడా అడగొచ్చు.